ఫేడర్లన్నీ కిందికి దించి మొదలెట్టు

సంక్రాంతి సెలవులు అయిపోయి కాలేజీకి బయల్దేరుతుంటే నాన్న ఒక అట్టపెట్టె తెచ్చి నా బ్యాగు పక్కన పెట్టాడు.

"దీన్ని అక్కడ ఎవరికన్నా అమ్మిపెట్టమ్మాయ్. సిటీలో అయితే కొంటారు. వచ్చింది నీ ఫీజులో కలుపుకో."

పెట్టె తెరవకుండానే అందులో ఏముందో నాకు తెలుసు. రికార్డరు. రెండేళ్ళుగా బీరువా మీద, పాత చీర కప్పుకుని కూర్చున్న రికార్డరు.

నాన్నకి మైకుసెట్టు ఉంది. తెనాలి దగ్గర మా ఊరు. నాలుగు గొట్టం హారన్లు, అహూజా యాంప్లిఫైయరు, రెండు పెద్ద బాక్సులు, ఒక మిక్సరు, లెక్కలేనంత వైరు. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, ఎన్నికల ఆటోలు, వీటన్నిటికంటే ఎక్కువగా పద్యనాటకాలు. నాటకమంటే రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లారగట్ల దాకా నడిచేది. ఆ రాత్రిళ్ళకి నన్నెప్పుడూ తీసుకెళ్ళలేదు. "నువ్వెందుకమ్మా ఆ మంచులో" అనేవాడు. కాబట్టి నాకు తెలిసిందల్లా పొద్దున్నే ఇంటికి తిరిగొచ్చిన మైకుసెట్టు. వైర్లకి బురద అంటుకుని ఉండేది. తడిగుడ్డతో తుడిచి, మోచేతికి చుట్టలు చుట్టి మేకుకి తగిలించడం నా పని. నాన్న అప్పటికే నిద్రపోయేవాడు.

స్కూల్లో నన్ను "హలో మైక్ టెస్టింగ్" అని పిలిచేవాళ్ళు. అప్పుడు నేనూ నవ్వేదాన్ని. ఇంజినీరింగులో చేరాక ఎవరైనా "మీ నాన్నగారేం చేస్తారు?" అని అడిగితే మాత్రం "సౌండ్ ఎక్విప్‌మెంట్ బిజినెస్" అన్నాను. రెండేళ్ళు అదే చెప్పాను. అబద్ధం కాదు. కానీ నిజం చెప్పినట్టు కూడా నాకెప్పుడూ అనిపించలేదు.

ఇక రికార్డరు సంగతి. విజయవాడలో సెకండ్ హ్యాండులో కొన్నాడు. పెద్ద అట్టల పుస్తకమంత ఉంటుంది. ఎనిమిది మైకులు పెట్టొచ్చు, ఎనిమిదీ వేర్వేరు ట్రాకులుగా ఎస్‌డీ కార్డు మీదకెక్కుతాయి. ముందువైపు ఎనిమిది ఫేడర్లు, చివర ఒక మాస్టర్ ఫేడరు, కింద ప్లే, స్టాప్, రికార్డ్ బటన్లు. ఆరు పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తుంది. నాన్న దాన్ని కొన్నది ఆ ఒక్క గుణం చూసే. మధ్యరాత్రి కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది పోదు. నాటకాన్ని రికార్డు చేసి, చందాలిచ్చిన పెద్దలకి పెన్‌డ్రైవుల్లో వేసి ఇచ్చేవాడు. తర్వాత ఊళ్ళలోకి డీజే బాక్సులొచ్చాయి. నాటకాలు తగ్గాయి. రికార్డరు బీరువా ఎక్కింది.

హాస్టలుకొచ్చాక ఫోటోలు తీసి పాత వస్తువులమ్మే యాప్‌లో పెట్టాను. మూడో రోజు ఒకతను మెసేజ్ చేశాడు. "ఆరువేలకిస్తారా? యూఎస్‌బీ పనిచేస్తుందో లేదో వీడియో పంపండి."

యూఎస్‌బీ! దానికి యూఎస్‌బీ ఉందని నాకు తెలుసు గానీ అది ఫైళ్ళు కాపీ చేసుకోవడానికే అనుకున్నాను. నాన్న కూడా అందుకే వాడాడు. సరే చూద్దామని మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి తిరగేస్తే ఒక అధ్యాయం కనిపించింది. ఈ డబ్బాని కంప్యూటరుకి తగిలిస్తే మ్యూజిక్ సాఫ్ట్‌వేరుకి కంట్రోల్ సర్ఫేస్‌గా పనిచేస్తుందట. అంటే తెర మీది ఫేడర్లని మౌసుతో లాగే బదులు ఈ ఫేడర్లని వేళ్ళతో జరపొచ్చు. ఇక్కడ ప్లే నొక్కితే అక్కడ పాట మొదలవుతుంది. ఇదేం అరుదైన వింత కూడా కాదు. జూమ్ ఆర్16, ఆర్24 లాంటి రికార్డర్లు ఇలా మూడు అవతారాల్లో పనిచేస్తాయి. ఒంటరిగా ఉంటే రికార్డరు, కేబుల్ తగిలిస్తే ఆడియో ఇంటర్‌ఫేస్, దాంతోపాటే కంట్రోలరు.

సరిగ్గా ఆ వారమే నాకు ఆ సాయం కావాల్సొచ్చింది. మన క్లబ్బు చేసిన శ్రవ్యనాటిక మీలో చాలామంది వినే ఉంటారు. వేషాలు మానేసిన ఒక ముసలి పద్యనటుడి కథ. అందులో ఫైనలియర్ అన్నయ్య రాసిన సీసపద్యం ఒకటుంది. దాన్ని సీఎస్‌ఈ తమ్ముడొకడు హార్మోనియం శ్రుతిలో, వాళ్ళ తాతగారి బాణీలో, గుండెనిండా ఊపిరి తీసుకుని పాడాడు. రికార్డింగు బాగా వచ్చింది. మిక్సింగే రాలేదు. పదకొండు ట్రాకులు. మౌసుతో ఒకసారికి ఒక్క ఫేడరే కదులుతుంది. గొంతు పెంచితే హార్మోనియం మునిగిపోతుంది, హార్మోనియం సర్దేలోగా వర్షం చప్పుడు గొంతెక్కి కూర్చుంటుంది. ఆలాపన దగ్గర మరీ ఘోరం. తమ్ముడి గొంతు ఒక్కసారిగా పైకి లేస్తుంది. కంప్రెసర్ పెట్టాను. అది పెరిగిన గొంతుని నొక్కుతోంది, నిజమే, కానీ నొక్కినట్టు వినపడుతోంది. ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు.

కొనేవాడికి "రేపు పంపిస్తా" అని చెప్పి, రికార్డరుని ల్యాప్‌టాప్‌కి తగిలించాను. సాఫ్ట్‌వేరు రీపర్. ప్లే నొక్కాను.

నాటిక మొదలవలేదు. ఎక్కడో పైస్థాయిలో "కీఁ" అని ఒక స్వరం మోగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ కీఁ. మొదటి ఫేడరు పట్టుకుని జరుపుతూ నొక్కితే ఆ కీఁ కాస్తా పిల్లి కూతలా వంకర్లు తిరిగింది. నా రూమ్మేటు హెడ్‌ఫోన్స్ తీసి నావైపు చూసింది.

అసలు జరిగింది తెలుసుకోవడానికి ఒక రాత్రి పట్టింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను, మీకు ఆ రాత్రి మిగులుతుంది. ఈ ఫేడర్లలోంచి కంట్రోల్ కోసం వెళ్ళేది శబ్దం కాదు. మిడి సందేశాలు. మిడి అంటే 1983 నుంచి వాడుకలో ఉన్న భాష, వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పుట్టింది. ఆ ఏడాది జనవరిలో అమెరికాలోని నామ్ ప్రదర్శనలో ప్రాఫెట్-600ని, రోలాండ్ జూపిటర్-6ని కేబుల్‌తో కలిపి చూపించారు. అది కీబోర్డుల భాష కాబట్టి అందులో "ఈ స్వరం నొక్కారు", "స్వరాన్ని ఇంత వంచారు" అనే మాటలున్నాయి. మాకీ కంట్రోల్ అనే పద్ధతి ఆ మాటల్నే తీసుకుని వేరే అర్థాలిచ్చింది. 94వ స్వరం అంటే ప్లే. 93 అంటే స్టాప్, 95 అంటే రికార్డ్. స్వరాన్ని వంచే పిచ్‌బెండ్ సందేశమే ఫేడరు ఎక్కడుందో చెప్తుంది. అందుకు మంచి కారణం కూడా ఉంది. మామూలు మిడి కంట్రోల్ సందేశంలో విలువకి ఏడు బిట్లే, 0 నుంచి 127 దాకా. ఫేడరుని నెమ్మదిగా దించితే మెట్లు దిగినట్టు వినపడే ప్రమాదముంది. పిచ్‌బెండ్‌లో పద్నాలుగు బిట్లు, అంటే 16,384 విలువలకి చోటుంది.

నేను రికార్డరుని రీపర్‌లో కీబోర్డుగా పరిచయం చేశాను. కాబట్టి రీపర్ దాని ప్లే బటన్‌ని 94వ స్వరంగా విని, సింథ్ ట్రాకులో వాయించింది. దాని తప్పేం లేదు. సెట్టింగ్స్‌లో కంట్రోల్ సర్ఫేస్‌ల జాబితాలోకి వెళ్ళి మాకీ కంట్రోల్ అని చేర్చి, ఇన్‌పుట్టూ అవుట్‌పుట్టూ ఈ రికార్డరే అని చెప్పగానే పిల్లి కూత ఆగిపోయింది. ప్లే నొక్కితే నాటిక మొదలైంది. నేను ఫేడరు జరిపితే తెర మీద ఫేడరు దానంతటదే జరిగింది. రూమ్మేటుని లేపి చూపించాను. తిట్టింది.

ఆ సంతోషం పది నిమిషాలు. అప్పటికి మూడు రాత్రులుగా మౌసుతో సర్దుకున్న మిక్స్ ఉంది కదా. తెర మీద హార్మోనియం ఫేడరు కింద ఎక్కడో ఉంది. నా చేతికింద ఉన్న ఫేడరేమో పైన ఉంది, నాన్న ఎప్పుడో వదిలేసిన చోట. దాన్ని వేలితో ముట్టుకున్నాను. అంతే, హార్మోనియం ఒక్క గెంతు గెంతి చెవుల్లో పడింది. ఖరీదైన కంట్రోలర్లలో ఫేడర్లకి మోటార్లుంటాయి. తెర మీద ఏం మారినా ఇవీ కదిలి అక్కడికొస్తాయి. మోటార్లు లేనివి తమను చివరగా ముట్టుకున్న చేతినే గుర్తుపెట్టుకుంటాయి. తెర ఒక చోట, చెయ్యి ఒక చోట. ముట్టుకున్న ప్రతి ట్రాకూ గెంతింది. పైగా ఆటోమేషన్ రాసే మోడ్‌లో ఉన్నానని చూసుకోలేదు. మూడు రాత్రుల పని మీద కొత్త గీతలు పడ్డాయి. కంట్రోల్-జెడ్ కొట్టుకుంటూ తెల్లవారింది.

పొద్దున్నే కొనేవాడికి "పనిచేస్తోంది, వచ్చి తీసుకెళ్ళండి" అని మెసేజ్ టైప్ చేశాను. పంపేలోగా నాన్న ఫోను. స్పీకరు కాయిల్ మార్పించడానికి విజయవాడ వచ్చాడట, ఆదివారం కాబట్టి నన్ను చూసి వెళ్తానన్నాడు.

లేడీస్ హాస్టల్లోకి రానివ్వరు కాబట్టి క్లబ్బు గదికి తీసుకొచ్చాను. చేతిలో గోంగూర పచ్చడి సీసా, భుజానికి కాలిపోయిన స్పీకరు కోను ఉన్న సంచి. టేబులు మీద తన రికార్డరు ల్యాప్‌టాప్‌కి తగిలించి ఉండటం చూశాడు.

"అమ్మలేదా?"

"టెస్ట్ చేస్తున్నా నాన్నా."

పక్కనే ఉన్న క్లబ్బువాళ్ళు లేచి నమస్కారం పెట్టారు. "సౌండ్ ఎక్విప్‌మెంట్ బిజినెస్" అన్న మాట వాళ్ళలో ఎవరికి గుర్తుందో అని నా గుండె కొట్టుకుంది. నాన్న మాత్రం కుర్చీ లాక్కుని ఫేడర్ల ముందు కూర్చున్నాడు. జరిగిందంతా చెప్పాను. మిడి, మాకీ, గెంతడం. ఒక మాట దగ్గర ఆపాడు.

"అయితే శబ్దం దీంట్లోంచి పోవట్లేదా? మరి నా వేలు కింద ఏముంది?"

"అంకె నాన్నా. నువ్వు జరిపితే అంకె పోతుంది. ఆ అంకెని బట్టి కంప్యూటర్ తగ్గిస్తుంది."

కాసేపు ఆలోచించాడు. "అంటే నేను స్టేజీ పక్కనుంచి సైగ చేస్తే, వెనకాల మనోడు యాంప్లిఫైయరు తగ్గించినట్టు."

ఇంతకంటే బాగా నేనెక్కడా చదవలేదు.

"మరి గెంతుతోందంటే, నువ్వు మధ్యలో దూరావన్నమాట" అన్నాడు. "సెట్టు ఆన్ చేసేముందు ఏం చేస్తాం? అన్నీ కిందికి దించుతాం. మిక్సరు ముందు, యాంప్లిఫైయరు ఆఖర్న. అప్పుడు ఒక్కోటీ పైకి తీసుకోవాలి. నిన్న రాత్రి ఎక్కడ వదిలావో ఇవాళ అక్కడ మొదలెడితే ఎట్టా? హాలు వేరు, జనం వేరు."

మూడు రాత్రుల మిక్స్‌ని పక్కన దాచి, కొత్త కాపీ తెరిచాను. నాన్న తొమ్మిది ఫేడర్లనీ ఒకసారి పైదాకా తోసి కిందికి లాగాడు. తెర మీద ఫేడర్లు కూడా వాటి వెంటే ఎక్కి, వాటి వెంటే దిగాయి. రెండూ ఒకే చోటికొచ్చాయి. గెంతడానికి ఇంక తేడా లేదు.

పదకొండు ట్రాకులకి ఎనిమిది ఫేడర్లు చాలవు. బ్యాంక్ బటన్ నొక్కితే తొమ్మిదో ట్రాకు మొదటి ఫేడరు మీదకొస్తుందని చెప్తే నాన్నకి నచ్చలేదు. "చెయ్యి ఒకటనుకుంటుంది, ఇంకోటి కదుల్తుంది. వద్దు." వర్షం, తలుపు, అడుగులు, కుక్క, ఈ చప్పుళ్ళన్నీ కలిపి ఒకే ట్రాకుగా చేసేశాను. ఎనిమిదయ్యాయి. నాన్న సంచిలోంచి తెల్లటేపు తీసి ఫేడర్ల కింద అతికించి, పెన్నుతో రాశాడు: ముసలాయన, కోడలు, మనవడు, పిల్లోడు, పద్యం, పెట్టె, తబలా, చప్పుళ్ళు. పెట్టె అంటే హార్మోనియం.

"ఒకసారి ఊరికే వినిపించు" అన్నాడు. పద్దెనిమిది నిమిషాలు కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ప్లే తనే నొక్కాడు. నేను ఆటోమేషన్‌ని లాచ్ మోడ్‌లో పెట్టాను. అంటే ఫేడరు కదిలిన క్షణం నుంచి చెయ్యి ఎలా నడిస్తే అలా రీపర్ రాసుకుంటూ పోతుంది. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. చెప్తే చెయ్యి బిగుసుకుంటుందని భయం.

నాన్న తెర చూడలేదు. ఎడమచేతి రెండు వేళ్ళు గొంతుల మీద, కుడిచేతి బొటనవేలు పెట్టె మీద, చిటికెన వేలు చప్పుళ్ళ మీద. కోడలు మాట్లాడేముందు వర్షం సన్నబడింది. ముసలాయన దగ్గితే పెట్టె కాస్త వెనక్కెళ్ళింది. పద్యం మొదలైంది. సీసం నాలుగు పాదాలు ఒకే ఎత్తులో నడిచాయి. ఎత్తుగీతి దగ్గర నాన్న భుజం ముందుకి వంగింది. ఆలాపన వచ్చింది, పైకి లేచింది, లేచినంతా వినపడింది, ఎక్కడా చెవికి గుచ్చుకోలేదు. పద్యం రాసిన అన్నయ్య గోడకానుకుని నిలబడి ఉన్నాడు, కదల్లేదు.

మధ్యలో ఒక్కచోట నాన్న మొహం చిట్లించి, "పెట్టె ఫేడర్లో దుమ్ముంది" అన్నాడు. నాకేం వినపడలేదు. శబ్దం అందులోంచి పోనప్పుడు గరగర ఎలా వస్తుందనుకున్నాను.

నాన్న టీకి బయటకి వెళ్ళాక తెర మీద గీతలు చూశాను. పెట్టె ట్రాకు గీత నిజంగానే రంపం పళ్ళలా ఉంది. ఫేడరు లోపలి పట్టీకి దుమ్ము పట్టి, వేలు నిలకడగా ఉన్నా అంకె వణుకుతోంది. గరగర రాలేదు గానీ హార్మోనియం శ్రుతి లోలోపల వణికింది. నాన్న విన్నది ఆ వణుకు.

తర్వాత పద్యం ట్రాకు పెద్దది చేసి చూశాను. కింద తమ్ముడి గొంతు తరంగం, పైన నాన్న చేతి గీత. ఆలాపన దగ్గర గొంతు లావెక్కుతోంది. కానీ గీత అక్కడ దిగలేదు. అంతకు ముందే, దాదాపు అర సెకను ముందే, దిగడం మొదలెట్టింది. గొంతు లేచేసరికి చోటు సిద్ధంగా ఉంది. నా కంప్రెసర్ గొంతు గీత దాటాక మేలుకుంటుంది. నాన్న చెయ్యి దాటకముందే అక్కడుంది. ఒక్కచోట కాదు, పద్యంలో ఉన్న నాలుగు ఎత్తుగడల దగ్గరా అంతే.

టీ గ్లాసుతో లోపలికొచ్చిన నాన్నని అడిగాను. "ఈ పద్యం నువ్వెప్పుడూ వినలేదుగా. లేస్తాడని ముందే ఎలా తెలిసింది?"

"ఊపిరి తీసుకున్నాడుగా" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఎంత ఊపిరి తీసుకున్నాడో అంత లేస్తాడు. పైగా ఒకసారి విన్నాగా. ఆ మాత్రం తెలియకపోతే హారన్లు కుయ్యిమంటాయి, జనం లేచి మనల్ని తిడతారు. మనకి మళ్ళీ వెనక్కి తిప్పుకునే మీట లేదు కదమ్మా."

నేను తెర నాన్నవైపు తిప్పి గీత చూపించాను. "ఇది నీ చెయ్యి నాన్నా."

దగ్గరకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. వేలుతో గీత వెంబడి, ఆ పల్లం దాకా వచ్చి ఆగాడు. "అక్కడ కొంచెం ఎక్కువ తగ్గించా" అన్నాడు.

నా చిన్నప్పుడంతా రాత్రిళ్ళు నాన్న వెళ్ళేవాడు, పొద్దున్న వైర్లు వచ్చేవి. ఆ మధ్యలో ఏం చేసేవాడో నేనెప్పుడూ చూడలేదు. అన్ని రాత్రుల పని గాల్లో కలిసిపోయింది, ఎక్కడా గీతగా మిగల్లేదు. మిగిలిన ఒక్క గీతా మా క్లబ్బు ల్యాప్‌టాప్‌లో పద్దెనిమిది నిమిషాలు ఉంది.

బస్‌స్టాండుకి ఆటోలో వెళ్తుంటే అడిగాడు. "మరి ఆ రికార్డరు ఎంతకిస్తున్నావు?"

"ఎవరూ కొనట్లేదు నాన్నా. ఫేడరు పాడైందని."

అప్పటికే కొనేవాడికి వద్దని చెప్పేశాను. నాన్న నావైపు చూసి, బయటికి చూశాడు. "పాడవ్వటం కాదది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పదిసార్లు పైకీ కిందికీ ఆడించు. పోద్ది" అన్నాడు. ఫీజు గురించి మళ్ళీ ఎత్తలేదు. ఆరువేలు మాత్రం ఇంట్లో ఎక్కడో తగ్గే ఉంటాయి, నాకు తెలుసు. ఈ సెమిస్టరు ఇద్దరు జూనియర్లకి మ్యాథ్స్ చెప్తున్నాను, సగం దాకా వచ్చాయి.

నాటిక విడుదలప్పుడు పేర్ల దగ్గర "సౌండ్ ఇంజినీర్" అని రాయమన్నారు మనవాళ్ళు. నాన్నని ఫోన్లో అడిగితే, నాటకం కరపత్రాల్లో అట్టడుగున ఎలా వేస్తారో అలాగే వెయ్యమన్నాడు. అందుకే చివరి వరుసలో "మైకుసెట్టు" అని ఉండి, ఎదురుగా మా నాన్న పేరుంటుంది. మీ నాన్నగారేం చేస్తారని ఇప్పుడెవరైనా అడిగితే ఆ మాటే చెప్తున్నాను.

రికార్డరు క్లబ్బు గది బీరువాలో కింది అరలో ఉంది. యూఎస్‌బీ కేబులు దాంతోనే ఉంది. మిక్సింగు నేర్చుకోవాలనుకున్న జూనియర్లు ఎవరైనా వాడుకోవచ్చు. తెల్లటేపు పీకకండి, దాని మీదే ఇంకో పొర అతికించుకోండి. పని అయ్యాక ఫేడర్లన్నీ కిందికి దించి పెట్టండి. తర్వాత వచ్చేవాళ్ళు అక్కణ్ణించి మొదలెడతారు.